చేతికందే పగ్గాలు

ఉద్దేశం

యంత్రం మనిషి శరీరానికి అనుగుణంగా అమరాలి గాని, మనిషి తన శరీరాన్ని యంత్రానికి తగినట్లు వంచుకోరాదు. ఈ సూత్రాన్ని అందరికీ పరిచయమైన సైకిలు ద్వారా తెలియజేయడం, రోడ్డు సైకిలు హ్యాండిల్‌ను, బ్రేకు పిడులను అమర్చుకొనే పద్ధతిని కారణాలతో సహా వివరించడం, సాంకేతిక విషయాలను తెలుగులో స్పష్టంగా చెప్పే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కాలికి సరిపోని చెప్పును ఎవరూ కొనరు. కొలత తీసుకోకుండా ఏ దర్జీ చొక్కా కుట్టడు. ఎద్దు మెడ ఒరుసుకొనిపోతుంటే కాడిని సరిచేయని రైతు ఉండడు. అయితే సైకిలు దగ్గరకు వచ్చేసరికి ఈ వివేకాన్ని మనం మరచిపోతాం. దుకాణంలో ఎట్లా బిగించి ఇచ్చారో అట్లాగే ఏళ్ల తరబడి తొక్కుతాం. అరచేయి తిమ్మిరెక్కితే విదిలించుకొంటాం. మెడ పట్టేస్తే రాత్రి నూనె రాసుకొంటాం. బ్రేకు పిడి వేళ్లకు అందకపోతే చేయి జరిపి పట్టుకొంటాం. తప్పు మన శరీరంలో ఉన్నదనుకొంటామే తప్ప, చిన్న మరను నాలుగు చుట్లు తిప్పితే సరిపోయే లోపం యంత్రంలో ఉన్నదని అనుకోము. ఆ చిన్న మరల కథే ఈ పాఠం.

సైకిలు వికాసం

1817లో జర్మనీ దేశస్థుడైన కార్ల్ వాన్ డ్రైస్ రెండు చక్రాలను ఒకదాని వెనుక ఒకటి అమర్చి, ముందు చక్రాన్ని చేతితో తిప్పే ఏర్పాటు చేశాడు. దానికి పెడళ్లు లేవు. కాళ్లతో నేలను తన్నుకుంటూ ముందుకు సాగవలసిందే. 1860లలో ఫ్రాన్సులో ముందు చక్రానికి పెడళ్లు వచ్చాయి. 1870లలో ముందు చక్రం నిలువెత్తు పెరిగింది. అంత ఎత్తున కూర్చున్న మనిషి రాయి అడ్డం వచ్చినా, గట్టిగా బ్రేకు వేసినా తలకిందులుగా ముందుకు పడేవాడు. ఈ ప్రమాదాన్ని తప్పించే రూపాన్ని 1885లో ఇంగ్లండులోని కవెంట్రీ నగరంలో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేశాడు. దాదాపు సమానమైన రెండు చక్రాలు, వెనుక చక్రానికి చైను, ముందు చక్రాన్ని తిప్పే హ్యాండిల్ గల ఆ బండికి 'సేఫ్టీ సైకిల్' అన్న పేరు సార్థకమైంది. 1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి నింపిన టైరును రూపొందించాడు. నేటి సైకిలుకు ప్రాథమిక రూపం అప్పటికే సిద్ధమైంది.

స్వాతంత్ర్యానంతరం మనదేశంలో సైకిలు పరిశ్రమ వేగంగా విస్తరించింది. 1949లో మద్రాసు కేంద్రంగా టి.ఐ. సైకిల్స్ సంస్థ ఏర్పడింది. అంబత్తూరులో దాని కర్మాగారం వెలసింది. 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సంస్థలు ప్రారంభమయ్యాయి. పాలక్యానులు, గడ్డిమోపులు, బియ్యం మూటలు మోసిన నల్లని బరువు సైకిలు దశాబ్దాల పాటు పల్లెకు, పట్నానికి వారధిగా నిలిచింది. ఆ బండి హ్యాండిల్ వెనుకకు వంగి ఉండేది. మనిషి నిటారుగా కూర్చొని తొక్కేవాడు. సన్నని ఇనుప కడ్డీల ద్వారా పనిచేసే దాని బ్రేకు పిడులు హ్యాండిల్‌తో పాటే బిగించి వచ్చేవి. వాటిని జరిపే వీలు లేదు. పెద్దల కోసం తయారైన ఆ సైకిలును పిల్లలు కడ్డీ కింద నుండి కాలు దూర్చి, అడ్డంగా తొక్కుతూ నేర్చుకొనేవారు. యంత్రానికి తగినట్లు శరీరాన్ని వంచడమన్నది అక్కడే మొదలైంది.

రోడ్డు సైకిలు స్వరూపం

రోడ్డు సైకిలు ఇందుకు భిన్నమైనది. తేలికైన చట్రం, సన్నని టైర్లు, పొట్టేలు కొమ్ముల వలె ముందుకు సాగి కిందికి వంగిన హ్యాండిల్ దీని లక్షణాలు. ఈ హ్యాండిల్‌పై చేతులు ఉంచడానికి మూడు స్థానాలున్నాయి. మొదటిది, మధ్యలో అడ్డంగా ఉండే పైభాగం. తీరికగా ఎత్తు ఎక్కేటప్పుడు ఇక్కడ పట్టుకొంటారు. రెండవది, బ్రేకు పిడిని పట్టి ఉంచే, రబ్బరు తొడుగు గల ముందుభాగం. దీనిని 'హుడ్' అంటారు. మూడవది, కిందికి తిరిగిన వంపు. ఎదురుగాలిలోను, వేగంగా దిగేటప్పుడును వంగి ఇక్కడ పట్టుకొంటారు.

పూర్వం హుడ్ చేతిని ఆనించుకొనే చిన్న మెట్టు మాత్రమే. గేర్లు మార్చే పిడులు వేరొకచోట, చట్రం కిందికడ్డీ మీద ఉండేవి. గేరు మార్చాలంటే ఒక చేతిని హ్యాండిల్ నుండి తీయవలసి వచ్చేది. 1990 ప్రాంతంలో జపానుకు చెందిన షిమానో సంస్థ బ్రేకును, గేరును ఒకే పిడిలో కలిపింది. తరువాత ఇటలీకి చెందిన కంపన్యోలో సంస్థ కూడా అదే బాట పట్టింది. దానితో చేయి హుడ్ మీద నుండి కదలవలసిన అవసరం తగ్గింది. నేడు రోడ్డు సైకిలు తొక్కేవారు అధిక సమయం చేతులు ఉంచేది హుడ్ల మీదనే. కనుక హుడ్ సరైన చోట లేకపోతే ప్రయాణమంతా సరిగా లేనట్లే.

మన దారులు చెప్పే పాఠం

ఈ అమరిక ప్రాధాన్యం తిరుపతి, చిత్తూరు ప్రాంతాల దారులను చూస్తే మరింత స్పష్టమవుతుంది. తిరుపతి నుండి రేణిగుంట మీదుగా శ్రీకాళహస్తి వరకు స్వర్ణముఖి నది సాగే దిశలో దారి చాలావరకు సమతలం. అక్కడ సమస్య గంటల తరబడి ఒకే భంగిమలో ఉండడం, ఎదురుగాలి. తిరుపతి నుండి చంద్రగిరి దాటి పీలేరు వైపు వెళితే భాకరాపేట ఘాట్ వస్తుంది. చిత్తూరు నుండి బంగారుపాళెం దాటి పలమనేరు వైపు వెళితే మొగిలి ఘాట్ వస్తుంది. మదనపల్లె సమీపంలోని హార్సిలీ కొండలు సముద్రమట్టానికి సుమారు 1,265 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఎక్కేటప్పుడు ఈ దారులు ఊపిరిని పరీక్షిస్తాయి. దిగేటప్పుడు బ్రేకులను పరీక్షిస్తాయి.

చిన్న లెక్క వేసి చూద్దాం. చిత్తూరు సముద్రమట్టానికి మూడు వందల మీటర్లకు కొంచెం ఎగువన, పలమనేరు సుమారు 680 మీటర్ల ఎత్తున ఉన్నాయి. మనిషి, సైకిలు కలిసి 75 కిలోలనుకొందాం. నిలువుగా 350 మీటర్లు దిగితే విడుదలయ్యే స్థితిశక్తి 75 × 9.8 × 350, అనగా సుమారు 2,57,000 జౌళ్లు. ఒక లీటరు నీటిని 30 డిగ్రీల నుండి దాదాపు 91 డిగ్రీల వరకు వేడిచేయడానికి ఈ శక్తి చాలు. ఇందులో కొంత గాలి నిరోధానికి, కొంత టైర్ల ఘర్షణకు పోతుంది. మిగిలినదాన్ని అదుపు చేయవలసినవి రెండు బ్రేకులు, వాటిని లాగవలసినవి నాలుగు వేళ్లు. గంటకు 36 కి.మీ. వేగమంటే సెకనుకు 10 మీటర్లు. బ్రేకు పిడి కోసం చేయి వెదుక్కోవడానికి అర సెకను పట్టినా, ఆ లోపల సైకిలు 5 మీటర్లు ముందుకు పోతుంది. లారీలు ఎదురుపడే మలుపులో ఆ 5 మీటర్ల విలువ వేరుగా చెప్పనక్కరలేదు. చేతికి అందని బ్రేకు ఉన్నా లేనట్లే.

తిరుమల కొండకు 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండవది ఏర్పడ్డాయి. ఆ తరువాత ఎక్కే వాహనాలకు ఒక దారి, దిగే వాహనాలకు మరొక దారి కేటాయించడం సాధ్యమైంది. ఎక్కడం, దిగడం రెండు వేర్వేరు పనులని రోడ్డు నిర్మాతలు గుర్తించారనడానికి ఇది నిదర్శనం. సైకిలును అమర్చుకొనేవారు కూడా ఈ సంగతి గుర్తించాలి. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడాలి. దిగేటప్పుడు బ్రేకు అందాలి. ఒకే హ్యాండిల్ ఈ రెండింటికీ అనుకూలించాలి.

అమరిక క్రమం

హ్యాండిల్ సరిచేయాలనుకొన్నవారు ముందుగా సరిచేయవలసినది హ్యాండిల్ కాదు, సీటు. ఇది వింతగా తోచవచ్చు. శరీర భారంలో అధికభాగం సీటు, పెడళ్లు మోయాలి. చేతులు తోడ్పడాలే గాని బరువు మోయరాదు. సీటు ముందుకు వంగి ఉంటే మనిషి జారుతూ చేతులపై వాలుతాడు. అప్పుడు హ్యాండిల్‌ను ఎంత మార్చినా అరచేతి నొప్పి తగ్గదు. కాబట్టి సీటు సమతలంగా ఉండాలి. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు దానిపై మడమ ఆనిస్తే కాలు నిటారుగా సాగాలి. ఆ తరువాత పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సామాన్యులకు ఈ కొలత చాలు.

రెండవ మెట్టు, హ్యాండిల్ దూరం. హుడ్లపై చేతులుంచి కూర్చొన్నప్పుడు మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి. అవి కర్రల వలె బిగుసుకొంటే హ్యాండిల్ దూరంగా ఉన్నదని అర్థం. ఆ స్థితిలో రోడ్డు మీది ప్రతి గుంత దెబ్బ నేరుగా భుజానికి, మెడకు చేరుతుంది. హ్యాండిల్‌ను ఫోర్కుతో కలిపే అడ్డుముక్కను 'స్టెమ్' అంటారు. దానిని 10 మి.మీ. పొట్టిది వేసినా తేడా తెలుస్తుంది. దూరం తగ్గించడానికి సీటును ముందుకు జరపడం సరికాదు. అట్లా చేస్తే మొదటి మెట్టులో సాధించినదంతా పోతుంది.

మూడవది, ఎత్తు. కొత్తగా నేర్చుకొనేవారికి హ్యాండిల్ సీటుతో సమానంగా గాని, కొద్దిగా పైన గాని ఉంటే మేలు. పోటీలలో పాల్గొనేవారి ఫొటోలు చూసి హ్యాండిల్‌ను బాగా దించుకోవడం నడుముకు, మెడకు చేటు. నేటి సైకిళ్లలో స్టెమ్ పైన, కింద ఉండే వలయాలను అటూ ఇటూ మార్చి ఎత్తు సరిచేస్తారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పైమూతలోని మర బేరింగుల వదులును తీయడానికే గాని స్టెమ్‌ను పట్టి ఉంచడానికి కాదు. పట్టి ఉంచేవి పక్క మరలు. కనుక వదులు చేసేటప్పుడు ముందుగా పక్క మరలను వదులు చేసి, ఆ తరువాత పైమూతను తీయాలి. బిగించేటప్పుడు ముందుగా పైమూతను తగినంత బిగించి, స్టెమ్ ముందు చక్రానికి సూటిగా ఉన్నదో లేదో చూసి, పక్క మరలను చివర బిగించాలి. పాతరకం సైకిళ్లలో స్టెమ్ గొట్టం లోపలికి దిగి ఉంటుంది. దానిపై చెక్కిన హద్దుగీత బయటకు కనిపించేటంత పైకి ఎప్పుడూ లాగరాదు.

నాలుగవది, వెడల్పు. రెండు భుజాల ఎముకల కొసల మధ్య దూరమెంతో హ్యాండిల్ వెడల్పు సుమారుగా అంత ఉండాలి. మరీ వెడల్పయితే చేతులు చాపుకొని అలసిపోతాం. మరీ ఇరుకైతే సైకిలుపై అదుపు తగ్గుతుంది.

ఐదవది, హ్యాండిల్ వాలు. స్టెమ్ ముందున్న మరలను కొద్దిగా వదులు చేస్తే హ్యాండిల్ తన ఇరుసుపై తిరుగుతుంది. పైభాగం నుండి హుడ్ వరకు ఉన్న దారి దాదాపు సమతలంగానో, చివర కొద్దిగా పైకి లేచినట్లుగానో ఉండేటట్లు తిప్పాలి. ఎదుటివారితో కరచాలనం చేసేటప్పుడు మణికట్టు ఎట్లా సూటిగా ఉంటుందో, హుడ్‌పై చేయి ఉంచినప్పుడు కూడా అట్లాగే ఉండాలి. మణికట్టు కిందికి గాని, పైకి గాని, పక్కకు గాని విరిగినట్లు ఉంటే వాలు సరిగా లేదని తెలుసుకోవాలి.

ఆరవది, హుడ్ స్థానం. ఈ పాఠానికి ఇదే ప్రధానాంశం. హ్యాండిల్‌కు చుట్టిన టేపును విప్పి, రబ్బరు తొడుగును మడిస్తే బిగింపు మర కనిపిస్తుంది. దానిని వదులు చేస్తే హుడ్ వంపు వెంబడి పైకీ కిందికీ జరుగుతుంది. పైకి జరిపితే హుడ్ మనకు దగ్గరవుతుంది, కూర్చొనే భంగిమ నిటారవుతుంది. అయితే కింది వంపులో చేతులుంచినప్పుడు బ్రేకు పిడి దూరమవుతుంది. కిందికి జరిపితే దీనికి విరుద్ధం. వంపు నుండి బ్రేకు బాగా అందుతుంది గాని హుడ్ ముందుకు వాలి, చేయి జారుతున్నట్లుంటుంది. ఈ రెంటికీ మధ్య రాజీయే సరైన స్థానం. కింది వంపు అడుగున ఇనుప స్కేలును ఆనించి, బ్రేకు పిడి కొస ఆ గీతకు దగ్గరగా ఉండేటట్లు చూడడం మెకానిక్కుల పాత పద్ధతి. అది ఆరంభానికి పనికివస్తుంది. చివరి తీర్పు మాత్రం చేతిదే.

రెండు హుడ్లు ఒకే ఎత్తున ఉండాలి. వాటిపై అడ్డంగా పలచని చెక్క పలకను పెట్టి ఎదుటి నుండి చూస్తే హెచ్చుతగ్గులు తెలుస్తాయి. హ్యాండిల్ కొస నుండి పిడి కొస వరకు దారంతో కొలిచి, రెండు వైపులా సరిపోల్చడం మరొక పద్ధతి. పై నుండి చూసినప్పుడు హుడ్లు కొద్దిగా లోపలికి తిరిగి ఉన్నా దోషం లేదు. చాలామందికి మణికట్టు అప్పుడే సూటిగా ఉంటుంది.

ఏడవది, పిడి దూరం. చాలా బ్రేకు పిడులలో చిన్న సర్దుబాటు మర ఉంటుంది. దానిని తిప్పితే పిడి హ్యాండిల్‌కు దగ్గరవుతుంది. చూపుడు వేలి మొదటి కణుపు పిడిపై సుఖంగా ఆనాలి. వేలికొసతో మాత్రమే అందితే చాలదు. అయితే పిడిని మరీ దగ్గర చేస్తే, గట్టిగా లాగినప్పుడు అది హ్యాండిల్‌కు తగిలి బ్రేకు పూర్తిగా పడదు. కనుక ఈ మరను తిప్పిన ప్రతిసారి బ్రేకు వైరు బిగువును మళ్లీ పరీక్షించాలి.

చివరిది, బిగింపు. స్టెమ్ ముందు మరలను ఒకదాని తరువాత ఒకటి, ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. పైనా కిందా సందు సమానంగా ఉండాలి. తగిన బిగింపు ఎంతో సాధారణంగా ఆ భాగం మీదనే ముద్రించి ఉంటుంది. స్టెమ్ మరలకు అది తరచుగా 5 న్యూటన్ మీటర్లు. పది సెంటీమీటర్ల పొడవుగల తాళపుచెవితో 50 న్యూటన్ల బలం, అంటే సుమారు 5 కిలోల బరువంత, ప్రయోగిస్తే ఈ బిగింపు వస్తుంది. వదులైతే హ్యాండిల్ గుంతలో తిరిగిపోతుంది. మితిమీరి బిగిస్తే మర తెగుతుంది, కార్బన్ హ్యాండిల్ అయితే చిట్లుతుంది. బలం ఉన్నదని బిగించడం పనితనం కాదు.

అరచేతి నాడులు

సైకిలు మీద చాలాసేపు ప్రయాణించినవారికి చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారడం సాధారణం. అరచేతి అడుగున, చిటికెన వేలి వైపు నుండి సాగే అల్నార్ నాడిపై ఒత్తిడి పడటమే ఇందుకు కారణం. దీనిని వైద్యులు హ్యాండిల్‌బార్ పాల్సీ అంటారు. మణికట్టు మధ్యగా వెళ్లే మీడియన్ నాడి నలిగితే బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కుతాయి. మణికట్టు వెనుకకు విరిచి ఉంచడం, శరీర భారం చేతులపై పడడం, గంటల తరబడి పట్టు మార్చకపోవడం ఇందుకు దోహదం చేస్తాయి. మెత్తని టేపు, చేతి తొడుగులు కొంత ఉపశమనం ఇస్తాయి గాని తప్పు అమరికను సరిదిద్దలేవు. ఒత్తిడి తొలగితే తిమ్మిరి సాధారణంగా తగ్గిపోతుంది. అది తగ్గక, వస్తువులను పట్టుకొనే శక్తి సన్నగిల్లితే వైద్యుని సంప్రదించాలి. పరీక్ష రాయవలసిన చేయి, కుట్టుమిషను తిప్పవలసిన చేయి, పాలు పితకవలసిన చేయి అదే కదా!

బ్రేకు, భ్రామకం

బ్రేకు పిడి ఒక తులాదండం. ఇరుసుకు ఎంత దూరంగా లాగితే అంత భ్రామకం లభిస్తుంది. హుడ్ మీద నుండి లాగేటప్పుడు వేళ్లు ఇరుసుకు దగ్గరగా ఉంటాయి. కింది వంపు నుండి లాగేటప్పుడు పిడి కొసకు దగ్గరగా ఉంటాయి. ఉదాహరణకు వేలు ఇరుసు నుండి 4 సెం.మీ. దూరంలో ఉండి 40 న్యూటన్ల బలంతో లాగితే భ్రామకం 1.6 న్యూటన్ మీటర్లు. అదే బలాన్ని 8 సెం.మీ. దూరంలో ప్రయోగిస్తే 3.2 న్యూటన్ మీటర్లు. నిటారైన ఘాట్ దిగేటప్పుడు చేతులు కింది వంపులో ఉంచడానికి ఇది మొదటి కారణం. శరీరం కిందికి వంగి, సైకిలు నిలకడగా సాగడం రెండవ కారణం.

బ్రేకు వేయగానే భారం ముందు చక్రంపైకి మళ్లుతుంది. అందువల్ల ముందు బ్రేకే ఎక్కువగా ఆపగలదు. భయపడి దానిని పూర్తిగా మానడమూ తప్పే, ఒక్కసారిగా బిగించడమూ తప్పే. శరీరాన్ని వెనుకకు, కిందికి జరుపుతూ రెండు బ్రేకులను క్రమంగా లాగాలి. మలుపుకు ముందే వేగం తగ్గించాలి. మలుపులోకి వెళ్లాక బ్రేకు కోసం వెదకడం చేతులు కాలాక ఆకులు పట్టుకొన్నట్లు. మనదేశంలో కుడిచేతి పిడి ముందు చక్రానికి ఉండడం వాడుక. అమెరికా వంటి దేశాలలో ఎడమచేతి పిడి ముందు చక్రానికి ఉంటుంది. కొత్త సైకిలు ఎక్కే ముందు ఏ పిడి ఏ చక్రానిదో చూసుకోవడం అత్యవసరం. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుండి డిసెంబరు వరకు, ఈ ప్రాంతంలో జోరుగా వానలు పడతాయి. తడిసిన రిమ్ము మీద బ్రేకు వెంటనే పట్టదు. అప్పుడు ఇంకా ముందుగా బ్రేకు వేయాలి.

కొలత ఎవరిది?

ఇక్కడ ఒక సామాజిక ప్రశ్న ఎదురవుతుంది. యంత్రాన్ని తయారుచేసేటప్పుడు ఎవరి కొలతను ప్రమాణంగా తీసుకొన్నారు? చాలాకాలం ఎదిగిన పురుషుని కొలతే అందరి కొలతగా చెలామణి అయింది. పొట్టివారికి, చిన్న చేతులు గలవారికి, ముఖ్యంగా బాలికలకు, బ్రేకు పిడి అందకపోవడం ఆ చరిత్ర ఫలితమే.

బాలికల చదువుకు సైకిలు చేసిన మేలు చిన్నది కాదు. 2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిలు పథకాన్ని ప్రారంభించింది. దానివల్ల ఉన్నత పాఠశాలలలో బాలికల నమోదు సుమారు 32 శాతం పెరిగిందని ఆర్థికశాస్త్రవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ తమ అధ్యయనంలో తేల్చారు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2010లలో 'బడికొస్తా' పథకం కింద ప్రభుత్వ ఉన్నత పాఠశాలల బాలికలకు సైకిళ్లు పంపిణీ అయ్యాయి. సైకిలు ఇవ్వడం మొదటి మేలు. దానిని ఆమె చేతికి తగినట్లు అమర్చడం రెండవ మేలు. మొదటిదానికి ప్రభుత్వం కావాలి. రెండవదానికి ఒక తాళపుచెవి, పావుగంట సమయం చాలు. అన్న తొక్కిన సైకిలు చెల్లెలికి ఇచ్చే ఇంట్లో సీటు దించడంతో ఆగిపోకుండా, బ్రేకు పిడి ఆమె వేళ్లకు అందుతున్నదా అని చూడడం పెద్దల బాధ్యత.

ఈ వివాదం ప్రపంచస్థాయి పోటీలలో కూడా తలెత్తడం గమనార్హం. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య రోడ్డు పోటీలలో మరీ ఇరుకైన హ్యాండిళ్లు ప్రమాదకరమని భావించింది. 2026 నుండి హ్యాండిల్ వెలుపలి వెడల్పు 400 మి.మీ.కు తగ్గరాదని 2025లో నియమం ప్రకటించింది. రెండు హుడ్ల లోపలి అంచుల మధ్య కనీసం 320 మి.మీ. ఉండాలని కూడా మొదట పేర్కొన్నది. చిన్న శరీరం గల క్రీడాకారిణులకు ఇది అన్యాయమని విమర్శలు వచ్చాయి. తరువాత ఆ దూరాన్ని 280 మి.మీ.కు సడలించింది. భద్రత కోసం చేసిన నియమం కూడా శరీరభేదాలను విస్మరిస్తే మరొక అభద్రతకు దారితీయవచ్చునన్నది ఈ వివాదం నేర్పిన నీతి.

పరీక్షించుకోవలసిన తీరు

అమరికను మార్చే ముందు పాత స్థానాన్ని పెన్సిలు గీతతోనో, రంగు టేపుతోనో గుర్తుపెట్టుకోవాలి. ఒకసారి ఒక్క మార్పే చేయాలి. రెండు మూడు మార్పులు ఒకేసారి చేస్తే మేలు దేనివల్ల కలిగిందో, కీడు దేనివల్ల కలిగిందో తెలియదు. శాస్త్రప్రయోగంలో పాటించే నియమమే ఇది. మార్పు చేశాక సైకిలును కదలకుండా నిలిపి, హుడ్లపై బరువు మోపి చూడాలి. హ్యాండిల్ తిరగరాదు. ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకూ వెనుకకూ ఊపితే ఎక్కడా వదులు శబ్దం రాకూడదు. తరువాత రద్దీలేని సమతలపు దారిలో కొద్ది దూరం తొక్కి, మూడు స్థానాలలోను చేతులుంచి చూసుకోవాలి. అంతా సరిగా ఉన్నదని తేలాకనే టేపు చుట్టాలి. ఘాట్ రోడ్డు ప్రయోగశాల కాదు. పరీక్ష ముగిశాకనే కొండదారి ఎక్కాలి.

ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3వ తేదీని ప్రపంచ సైకిలు దినోత్సవంగా ప్రకటించింది. ఇంధనం అడగని, పొగ వదలని, పేదవానికి కూడా అందే ఈ వాహనం మానవోపయోగం కోసం పుట్టిన యంత్రాలలో అత్యుత్తమమైనది. గుర్రపు రౌతుకు పగ్గం ఎట్లాంటిదో సైకిలు నడిపేవారికి హ్యాండిల్, బ్రేకు అట్లాంటివి. అవి చేతికందే చోట ఉన్నప్పుడే బండి మన మాట వింటుంది. ఏ యంత్రాన్ని చేపట్టినా, కంప్యూటరు బల్లయినా, కుట్టుమిషనైనా, ట్రాక్టరైనా, 'ఇది ఎవరి కొలతకు తయారైంది? నా కొలతకు దీన్ని ఎట్లా మార్చుకోగలను?' అని ప్రశ్నించే అలవాటు విద్యావంతుని లక్షణం.

కఠిన పదాలు – అర్థాలు

వికాసం = అభివృద్ధి, విస్తరణ
సార్థకం = అర్థవంతం
వారధి = వంతెన
భంగిమ = శరీరాన్ని ఉంచే తీరు
సమతలం = ఎగుడుదిగుళ్లు లేనిది
కరచాలనం = చేయి కలపడం
తులాదండం = ఒక ఇరుసుపై ఆధారపడి తిరిగే దండం
భ్రామకం = వస్తువును తిప్పగల బల ప్రభావం
దోహదం = తోడ్పాటు
ఉపశమనం = బాధ తగ్గడం
చెలామణి = వాడుకలో ఉండడం
విస్మరించు = మరచిపోవు, పట్టించుకోకపోవు
రౌతు = గుర్రమెక్కి నడిపేవాడు

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. రోడ్డు సైకిలు హ్యాండిల్‌ను, హుడ్లను అమర్చుకొనే క్రమాన్ని కారణాలతో వివరించండి.
2. 'యంత్రం మనిషి శరీరానికి అనుగుణంగా అమరాలి' అన్న అభిప్రాయాన్ని పాఠ్యాంశం ఆధారంగా సమర్థించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. హ్యాండిల్ సరిచేసే ముందు సీటును ఎందుకు సరిచేయాలి?
2. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు చేతులు కింది వంపులో ఉంచడం ఎందుకు మేలు?
3. చేతివేళ్ల తిమ్మిరికి కారణాలు, నివారణోపాయాలు తెలపండి.
4. హ్యాండిల్ వెడల్పు నియమంపై విమర్శలు ఎందుకు వచ్చాయి?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. చేతికి అందని బ్రేకు ఉన్నా లేనట్లే.
2. బలం ఉన్నదని బిగించడం పనితనం కాదు.
3. ఘాట్ రోడ్డు ప్రయోగశాల కాదు.

ఈ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. 'సేఫ్టీ సైకిల్'ను 1885లో తయారుచేసినవారెవరు?
2. హుడ్ అనగానేమి?
3. చిటికెన వేలి తిమ్మిరికి సంబంధించిన నాడి ఏది?
4. ప్రపంచ సైకిలు దినోత్సవం ఏ రోజు?

ఉ) సంధులు
1. గమనార్హం = గమన + అర్హం – సవర్ణదీర్ఘ సంధి
2. మానవోపయోగం = మానవ + ఉపయోగం – గుణ సంధి
3. అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
పాఠం నుండి ఇటువంటి మరి మూడు పదాలను గుర్తించి, విడదీసి, సంధి పేరు రాయండి.

ఊ) సమాసాలు
1. సముద్రమట్టం = సముద్రము యొక్క మట్టం – షష్ఠీ తత్పురుష సమాసం
2. హెచ్చుతగ్గులు = హెచ్చును, తగ్గును – ద్వంద్వ సమాసం

ఋ) ప్రాజెక్టు పని
మీ కళాశాలకు వచ్చే పది సైకిళ్లను వాటి యజమానుల అనుమతితో పరిశీలించండి. బ్రేకు పిడి వేళ్లకు అందుతున్నదా, రెండు పిడులు ఒకే ఎత్తున ఉన్నాయా, తొక్కేటప్పుడు మణికట్టు సూటిగా ఉన్నదా అన్న అంశాలను పట్టికలో నమోదు చేసి, మీ సూచనలతో ఒక పుటకు మించని నివేదిక రాయండి.